కష్టం వేరు, కసరత్తు వేరు: మన కోలారు నేల చెప్పే బలం కథ



పోయిన ఉగాది నాడు మన హాల్లో పంక్తి భోజనాలు పెట్టినప్పుడు జరిగిన సంగతి మీలో చాలామంది చూసే ఉంటారు. చాపలు పరిచి, ఆకులు వేసి పిలిస్తే, అరవై దాటినవాళ్లలో కింద కూర్చున్నది నలుగురే. మిగతా అందరం కుర్చీలు తెప్పించుకున్నాం. ఆ నలుగురిలో ఒక పెద్దాయన భోజనం అయ్యాక లేవలేకపోయాడు. ఒక చెయ్యి నేలకు, ఒక చెయ్యి గోడకు ఆనించి చూశాడు. కాలేదు. చివరికి ఇద్దరు పిల్లోళ్లు చంకల కింద చేతులు వేసి లేపారు. ఆయన నవ్వేశాడు. మాకు నవ్వు రాలేదు. ఎందుకంటే ఆయన గనిలో ఇరవై ఏడేళ్లు డ్రిల్లింగ్ మెషిన్ పట్టిన మనిషి. బండను తొలిచిన చేతులవి.

ఆ రాత్రి కోరమండల్ స్టేషన్ పక్కగా నడిచిపోతూ మేము కొందరం ఇదే మాట్లాడుకున్నాం. అంత కష్టపడిన ఒళ్లు ఎక్కడికి పోయింది? రైల్వేలో కాగితాలు రాసుకుంటూ కూర్చున్న మావంటివాళ్లకు బలం లేదంటే అర్థం ఉంది. ఆయనకేమైంది? ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ పోతే అది మన జిల్లా చరిత్రలోకే తీసుకుపోయింది. దొరికింది దొరికినట్టు ఇక్కడ రాస్తున్నాం. కొంచెం పొడుగే, ఓపికగా చదవండి.

1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ ఇక్కడ గనుల పని చేపట్టింది. 1894లో బౌరింగ్‌పేట, అంటే ఇప్పటి బంగారుపేట, నుంచి మన గనులకు రైలు దారి వచ్చింది. 1902లో శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది. అరవదేశం నుంచి, తెలుగు పక్క నుంచి మన ముత్తాతలు ఇక్కడికి చేరుకున్నారు. అప్పటికి చిత్తూరు జిల్లా అనేదే లేదు, అది 1911లో ఏర్పడింది. అంతకు ముందు ఆ ఊళ్లలో చాలావాటిని ఉత్తర ఆర్కాటు అనేవారు. సంగు ఊదితే కేజిలో దిగడం, మళ్లీ సంగు ఊదితే పైకి రావడం, ఇదీ జీవితం. చాంపియన్ రీఫ్ మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు పోయింది. ఆ అడుగున రాయే సెగలు కక్కేది.

అందుకే మన లైన్ ఇళ్లలో ఒక మాట పాతుకుపోయింది: 'పనిచేసేవాడికి వేరే కసరత్తు ఎందుకు?' మా నాయనల నోట మేము విన్న మాట ఇది. ఇది సగమే నిజం. కష్టం ఒంటిని ఖర్చు పెడుతుంది. కసరత్తు ఒంట్లో దాచిపెడుతుంది. గనిలో బరువు ఎంత ఎత్తాలో నిర్ణయించేది ఒళ్లు కాదు, షిఫ్టు. ఎడమ భుజం నొప్పి పుట్టినా మెషిన్ అదే భుజం మీద. తిన్న సంగటి చాలకపోయినా గంటలు తగ్గవు. రేపు విశ్రాంతి కావాలని ఒళ్లు అడిగినా మస్టర్‌లో పేరు పడాల్సిందే. దానికి తోడు దుమ్ము, వేడి, రాత్రి షిఫ్టు. డెన్మార్క్ పరిశోధకులు కొందరు ఈ మధ్య కాలంలో ఇదే సంగతి మీద పనిచేశారు. తీరిక వేళ చేసే శ్రమ గుండెకు మేలు చేస్తుంటే, బతుకుతెరువు కోసం రోజంతా చేసే బరువు పని అదే మేలు చేయడం లేదని వాళ్లు చూశారు. దానికి 'శారీరక శ్రమలోని వైరుధ్యం' అనే అర్థం వచ్చే పేరు కూడా పెట్టారు.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. ఆ రోజుతో జీతం పోయిందని అందరం లెక్క వేసుకున్నాం. ఒంటికి ఉన్న పని కూడా ఆ రోజే పోయిందని ఎవరం లెక్క వేయలేదు. మన పిల్లలు తెల్లవారకముందే బెంగళూరు రైలు ఎక్కి, అక్కడ కూర్చుని పనిచేసి, మళ్లీ రైల్లో కూర్చుని రాత్రికి ఇల్లు చేరుతున్నారు. తాతకు ఎక్కువైన శ్రమ మనవడికి బొత్తిగా లేకుండా పోయింది. కసరత్తు మాత్రం ఇద్దరికీ లేదు.

అయితే కసరత్తు మనవాళ్లకు తెలియనిది కాదు. ఊళ్లలో గరిడీలు, తాలింఖానాలు ఉండేవి. హనుమంతుడి పటం, ఎర్రమన్ను గోదా, నూనె, దండీలు, బస్కీలు. మేము చదివింది అరవం బళ్లలో కాబట్టి మాకు 'కర్లాకట్టై' అన్న మాటే ముందు వస్తుంది. తెలుగులో దాన్ని సంగడం అంటారు, తిప్పే దుంగ. రచ్చబండ దగ్గర ఒక గుండ్రాయి పడి ఉండేది. కుర్రాళ్లు దాన్ని ముందు మోకాలి దాకా, తరవాత రొమ్ము దాకా, చివరికి భుజం మీదికి ఎత్తేవారు. అది పందెం రాయే గాని పాఠం కూడా. ఈ ఏడు ఎంతవరకు లేచిందో, పోయిన ఏడు ఎంతవరకు లేచిందో ఊరంతటికీ తెలుసు.

తెలుగువాళ్లలో బలానికి మారుపేరు కోడి రామ్మూర్తి నాయుడు. శ్రీకాకుళం పక్క వీరఘట్టంలో 1882లో పుట్టి విజయనగరంలో పెరిగాడు. ఇనుప గొలుసులు తెంచడం, కదిలే కార్లను ఆపడం, రొమ్ము మీద ఏనుగును నిలుపుకోవడం అందరికీ తెలుసు. 'కలియుగ భీముడు' అన్నారు, 'ఇండియన్ హెర్క్యులిస్' అన్నారు. మనం మరిచిపోయేది వేరే ఉంది. ఆయన సర్కస్ పెట్టకముందు మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, తిరిగి విజయనగరం వచ్చి బడిలో డ్రిల్లు మాస్టరుగా పనిచేశాడు. అంటే ఏనుగును మోసిన మనిషి కూడా వరస ప్రకారం నేర్చుకున్నాడు, వరస ప్రకారం నేర్పాడు.

అదే కాలంలో యూరప్‌లో యూజిన్ శాండో అనే ఆయన పేరు మోగిపోతోంది. 1897లో వచ్చిన ఆయన పుస్తకంలో వయసువారీగా పట్టికలు ఉన్నాయి. ఎంత బరువు డంబెల్, ఎన్నిసార్లు, ఎన్ని రోజులకు ఎన్ని పెంచాలి అని ముద్ర వేసి ఇచ్చాడు. 1904-05లో మన దేశానికి కూడా వచ్చి పట్టణాల్లో ప్రదర్శనలు ఇచ్చాడు. రైల్వే టైంటేబుల్ చదవడం వచ్చినవాడెవడైనా ఆ పట్టిక చదవగలడు. గురువు పక్కన లేకపోయినా కాగితం చూసి మొదలుపెట్టవచ్చు అన్నది అప్పటికి కొత్త సంగతే.

ఇక ఇప్పుడు మన జిల్లా మనిషి. కోలారు నుంచి ముళబాగిలు పోయే దారిలో దేవరాయసముద్రం ఉంది కదా, 1897లో అక్కడ పుట్టాడు కె.వి. అయ్యర్. బెంగళూరులో హెర్క్యులిస్ జిమ్నాషియం నడిపాడు. 1930లో కండరాల పెంపకం మీద 'మజిల్ కల్ట్', 1937లో 'సూర్య నమస్కార్' అనే ఇంగ్లీషు పుస్తకాలు వేశాడు. బార్‌బెల్ ఒక చేత, ఆసనాలు ఒక చేత పట్టుకున్నవాడు. రెండింటికీ పోటీ లేదు, రెండూ ఒకే ఒంటికి అన్నది ఆయన దారి. మైసూరు మహారాజు నాలుగో కృష్ణరాజ ఒడెయరు దాకా ఆయన పేరు చేరింది. కన్నడం చదివేవాళ్లకు ఆయన 'శాంతల', 'రూపదర్శి' నవలలు రాసిన రచయితగా తెలుసు. 1980లో కన్నుమూశాడు.

మమ్మల్ని పట్టి నిలిపింది ఆయన కండలు కాదు, ఆయన తపాలా పాఠాలు. జిమ్‌కు రాలేనివాళ్లకు ఆయన ఉత్తరాల ద్వారా వ్యాయామం నేర్పాడు. ఆ కాలంలో ఇలాంటి పాఠాల పద్ధతి ఎలా ఉండేదంటే, చేరేవాడు ముందు తన వయసు, బరువు, ఛాతీ, చెయ్యి, తొడ కొలతలు, చేసే పని రాసి పంపాలి. దాన్నిబట్టి పాఠం వస్తుంది. కొన్ని వారాలయ్యాక మళ్లీ కొలిచి రాయాలి. ఆలోచించండి: అద్దం ముందు నిలబడి 'ఏం మారలేదే' అని నిట్టూర్చేవాడికి, మొదటి ఉత్తరంలోని అంకె పక్కన రెండో ఉత్తరంలోని అంకె పెట్టి చూపితే అదే పెద్ద ధైర్యం. పైగా అవతల ఒకాయన మన ఉత్తరం కోసం చూస్తున్నాడన్న బిడియం. ఈ రెండే మనిషిని నిలబెట్టేవి, ఒకటి లెక్క, ఒకటి తోడు. మన దేవరాయసముద్రం మనిషి తొంభై ఏళ్ల కిందటే ఈ దారిలో నడిచాడు.

బరువు ఎలా పెంచాలన్నదానికి పాత గ్రీకు కథ ఒకటి చెబుతారు. క్రోటన్ ఊరి మైలో అనే మల్లుడు రోజూ ఒక దూడను మోసేవాడట. దూడ ఎద్దయ్యేసరికి అతను ఎద్దును మోసేవాడయ్యాడట. కథ కథే గాని, సూత్రం నిజం. దాన్ని ఆసుపత్రిలోకి తెచ్చినవాడు అమెరికా సైనిక వైద్యుడు థామస్ డిలార్మ్. చిన్నప్పుడు తాను జబ్బుపడి బరువులెత్తి కోలుకున్నవాడు. రెండో ప్రపంచ యుద్ధంలో మోకాళ్లు దెబ్బతిన్న సైనికులకు అప్పటిదాకా బరువు వద్దనేవారు. ఈయన వద్దనలేదు. సరిగ్గా పదిసార్లు మాత్రమే ఎత్తగల బరువు ఏదో కనిపెట్టమన్నాడు. వారం వారం మళ్లీ పరీక్షించి పెంచమన్నాడు. 1945లో ఆ ఫలితాలు అచ్చు వేశాడు. తరవాత దాన్ని మూడు విడతలకు కుదించాడు: మొదట సగం బరువుతో పది, తరవాత ముప్పాతిక బరువుతో పది, చివరికి పూర్తి బరువుతో పది. ఇప్పుడు జిమ్‌లలో 'మూడు సెట్లు, పదేసి' అని అందరూ చెప్పే మాటకు మూలం చాలావరకు ఆ సైనికుల మోకాళ్లే. ఇది బలవంతుల కోసం పుట్టిన లెక్క కాదు, లేవలేనివాళ్ల కోసం పుట్టిన లెక్క.

ఇవన్నీ చదివి మేము ఊరుకోలేదు. ఉగాది అయిన పదిహేను రోజులకు తొమ్మిదిమందిమి హాల్లో చేరాం. అక్కడ చేసిన తప్పు కూడా చెప్పుకోవాలి. మొదటి రోజే పాత రోషం పొడుచుకొచ్చింది. 'మా కాలంలో వంద బస్కీలు తీసేవాళ్లం' అని ఒకరంటే, ఇంకొకరు తగ్గలేదు. ఒక్కొక్కరం యాభై తీశాం. మరునాడు మెట్లు దిగలేకపోయాం, దొడ్డికి కూర్చోలేకపోయాం. నాలుగు రోజులు గోడలు పట్టుకుని నడిచాం. రెండో వారానికి మిగిలింది అయిదుగురం. ఇళ్లల్లో నవ్వారు, నవ్వక ఏం చేస్తారు!

అప్పుడు బుద్ధి వచ్చి అయ్యర్ దారి పట్టాం. ఒక పొడుగు నోటు పుస్తకం కొన్నాం, ఆఫీసులో మస్టర్ గీసినట్టే గడులు గీశాం. ఎడమవైపు పేరు, పైన తేదీ, గడిలో ఎన్నిసార్లు, ఎంత బరువు. రానివాడి గడిలో అడ్డగీత. ఎవరినీ మాట అనం. ఆ గీతే అంటుంది. మొదలు అయిదు బస్కీలే, అవీ కుర్చీ మీద నుంచి లేచి కూర్చోవడమే. గోడకు చేతులు ఆనించి దండీలు ఎనిమిది. అయిదు కిలోల బియ్యం సంచి నేల నుంచి ఎత్తి పెట్టడం ఎనిమిది. మడమలు లేపి నిలబడడం పది. చివర్న రెండు చేతుల్లో చెరొక నీళ్ల డబ్బా పట్టుకుని హాలు చుట్టూ ఒక నడక. అంతే, అరగంట. మంగళవారం, శుక్రవారం. నడుమ రోజుల్లో ఒళ్లు కట్టుకుంటుంది.

పెంచేందుకు ఒకటే నియమం. పన్నెండుసార్లు మూడు విడతలు సుఖంగా వస్తే, మరుసటి వారం కొంచెం పెంచాలి. సుఖంగా రాకపోతే అక్కడే ఉండాలి. పక్కవాడి గడి చూసి పెంచకూడదు.

మానేసేది ఎప్పుడో కూడా పుస్తకం చెప్పింది. మూడో వారం, నాలుగో వారం. అద్దంలో ఏమీ కనబడని కాలం అది. దీనికి కారణం ఉంది. మొదటి వారాల్లో పెరిగే బలం ఎక్కువగా కండది కాదు, నరాలది. ఉన్న కండనే మెదడు బాగా వాడుకోవడం నేర్చుకుంటుంది. 1979లో మోరితాని, డివ్రీస్ అనే ఇద్దరు ఇది కొలిచి చూపారు. కండ లావు కావడం ఆ తరవాతి సంగతి. కాబట్టి మొదటి నెలన్నర అద్దం అబద్ధం చెబుతుంది, పుస్తకం నిజం చెబుతుంది. అయిదు బస్కీలు పదకొండయినట్టు పుస్తకంలో కనబడుతుంటే ఎవరు మానేస్తారు?

ఇంకొకటి. ఒక పని అలవాటుగా మారడానికి 21 రోజులు చాలని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. లండన్‌లో 96 మంది మీద చేసి 2009లో బయటపెట్టిన పరిశోధనలో మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే, కొందరి లెక్క 254 రోజుల దాకా పోయింది. ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడిపోలేదని కూడా తేలింది. కాబట్టి పెళ్లికి పోయారు, ఊరికి పోయారు, ఒక వారం తప్పింది, సరే. అడ్డగీత పక్క గడి ఖాళీగానే ఉంది, వచ్చి నింపండి.

'ఈ వయసులో ఏం బలం వస్తుంది?' అనేవాళ్లకు ఒక మాట. వయసుతో కండ కరిగిపోవడానికి సార్కోపీనియా అని 1989లో పేరు పెట్టారు. ఆ మరుసటి ఏడే, 1990లో, బోస్టన్‌లో ఫియాటరోన్ అనే వైద్యురాలు, ఆమె తోటివాళ్లు వృద్ధాశ్రమంలోని పదిమంది చేత బరువులెత్తించారు. వాళ్ల వయసు 86 నుంచి 96. తొమ్మిదిమంది ఎనిమిది వారాలు పూర్తి చేశారు. కాలి బలం సగటున 174 శాతం పెరిగింది. తొంభై ఏళ్లకు పెరిగింది మనకు అరవై అయిదుకు పెరగదా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో కూడా పెద్దవాళ్లందరికీ వారానికి రెండు రోజులైనా కండరాల వ్యాయామం ఉండాలని, 65 దాటినవాళ్లకు మూడు రోజులు తూలిపడకుండా నిలబడే వ్యాయామాలు కూడా కలపాలని ఉంది. పొద్దున నడక మంచిదే, కాని నడక ఒక్కటే చాలదన్నమాట.

మన అక్కలు, చెల్లెళ్లు ఇది మగవాళ్ల పని అనుకోవద్దు. 2000లో సిడ్నీలో 240 కిలోలు ఎత్తి ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ కరణం మల్లేశ్వరి శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట ఆడబిడ్డ. లైన్ ఇళ్లల్లో కొళాయి నుంచి నడుము మీద, తల మీద బిందెలు మోసింది మన అమ్మలే. ముట్లు ఆగిపోయాక ఎముకలు పలచబడేది ఆడవాళ్లకే ఎక్కువ. ఎముక గట్టిపడాలంటే దానిమీద బరువు పడాలి.

జాగ్రత్తలు కూడా చెప్పాలి. బీపీ, గుండె జబ్బు, హెర్నియా, గని దుమ్ము పట్టిన ఊపిరితిత్తులు ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా మొదలుపెట్టవద్దు. ఎత్తేటప్పుడు ఊపిరి బిగపట్టకూడదు, వదులుతూ ఎత్తాలి. కండ తీపు పుట్టడం మామూలే, కీలులో పోటు వస్తే అక్కడే ఆపాలి. సంగటి ఒక్కటి తింటే చాలదు, పక్కన ఉలవలో, పప్పో, గుడ్డో ఉండాలి.

ఇప్పుడు పుస్తకం అయిదో నెలలో ఉంది. అయిదుగురం పదకొండుమందిమి అయ్యాం. ఉగాది నాడు లేవలేకపోయిన పెద్దాయన మూడో నెలలో వచ్చాడు. మేము పిలవలేదు, పిలిస్తే బాధపడతాడని. తలుపు దగ్గర నిలబడి ఒక రోజంతా చూశాడు. మరుసటి మంగళవారం వచ్చి, 'నా పేరు కూడా మస్టర్‌లో రాయండి' అన్నాడు. మొదటి రోజు కుర్చీ మీద నుంచి చేతుల సాయంతో మూడుసార్లు లేచాడు. పోయిన శుక్రవారం చేతులు రొమ్ముకు కట్టుకుని తొమ్మిదిసార్లు లేచాడు. నేల మీద నుంచి లేవడం ఇంకా ఒక చెయ్యి ఆనిస్తేనే వస్తోంది. అది కూడా గడిలో అలాగే రాశాం. 'గనిలో ఎంత ఎత్తానో ఎవడూ నా కోసం రాయలేదు. ఇది నాది' అన్నాడు ఆయన.

వచ్చే ఉగాదికి కుర్చీలు ఎన్ని తెప్పించాలో సంఘం లెక్క వేసేటప్పుడు ఈ పుస్తకం కూడా ఒకసారి చూడమని మా మనవి. మంగళ, శుక్రవారాలు, పొద్దున ఆరున్నర. బరువులు మేము తెస్తాం. మీరు మీ ఇంటి నుంచి ఒక బియ్యం సంచి తెచ్చుకోండి. గడులు చాలా ఖాళీగా ఉన్నాయి.